రిపోర్టులన్నీ నార్మలే, నొప్పి మాత్రం పోలేదు: అమెరికాలో నా గుండె పరీక్షల ఏడాది

మేం డల్లాస్ దగ్గర ఉంటాం. నాకు 46 ఏళ్ళు. లావు లేను, షుగర్ లేదు, సిగరెట్టు వాసన కూడా పడదు. 2024 మార్చిలో మొదలైన నొప్పికి డిసెంబరులో పేరు దొరికింది: మైక్రోవాస్కులర్ యాంజైనా. గుండె మీదుండే పెద్ద రక్తనాళాలు తెరుచుకునే ఉన్నా, కండరం లోపలికి వెళ్ళే సన్నటి నాళాలు అవసరమైనప్పుడు సరిగా విప్పుకోవు. దానికి తోడు బీపీ. ఇక్కడున్న మన ఆడవాళ్ళు కొందరు ఫోన్ చేసి ఏ టెస్టు, ఎంతయింది, ఎంతకాలం పట్టింది అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకంటే రాయడమే తేలిక అనిపించింది.

మొదట్లో అది గుండె నొప్పిలా లేదు. ఉతికిన బట్టల బుట్ట పట్టుకుని మేడ మీదికి ఎక్కుతుంటే దవడ కింద లాగేది. రెండు భుజాల మధ్య వీపులో ఎవరో బొటనవేలితో నొక్కిపెట్టినట్టు ఉండేది. కూర్చుంటే కాసేపటికి పోయేది. కొన్ని వారాలకు ఆఫీసు మీటింగులో మాటా మాటా పెరిగినా వచ్చేది. అమ్మకు ఫోన్లో చెబితే "గ్యాసేనే, జీలకర్ర నీళ్ళు కాచుకుని తాగు" అంది. మా నాన్నకు 52వ ఏట గుండెపోటు వచ్చిన ఇల్లు మాది. అయినా మన ఇళ్ళలో ఆడమనిషికి నొప్పి అంటే ముందు గుర్తొచ్చేది గ్యాసే.

మార్చి చివర్లో అర్జెంట్ కేర్‌కి వెళ్ళాను. ఈసీజీ తీశారు, నార్మల్. నిద్ర పడుతోందా, ఇంట్లో టెన్షన్లు ఏమైనా ఉన్నాయా అని అడిగారు. పదిహేనేళ్ళ కూతురు, ప్రొడక్షన్ సపోర్టు ఉద్యోగం ఉన్న మనిషి లేవని ఎలా చెబుతుంది? రెండు వారాలకు ఒమెప్రజోల్ అనే ఎసిడిటీ మందు రాసిచ్చారు. నేను కట్టింది 75 డాలర్లు. కారెక్కాక కాగితం చూస్తే యాంగ్జయిటీ అని రాసి ఉంది. నా ముందు మాత్రం ఆ మాట ఎవరూ అనలేదు.

మా ప్రైమరీ కేర్ డాక్టరు అపాయింట్‌మెంటు మూడు వారాలకు దొరికింది. అక్కడ స్వెట్టర్ మీదే పట్టీ చుట్టి, కాళ్ళు వేలాడుతూ టేబుల్ మీద కూర్చుని ఉండగా, నర్సు నాతో మాట్లాడుతూనే బీపీ చూసింది. 152/94. హాస్పిటల్ భయం వల్ల పెరిగి ఉంటుందిలే, మళ్ళీ చూద్దాం అన్నారు. తర్వాత కంప్యూటర్లో రిస్క్ కాలిక్యులేటర్ తెరిచి నా వయసు, కొలెస్ట్రాల్, బీపీ కొట్టారు. జాతి దగ్గర మూడే గడులు: వైట్, ఆఫ్రికన్ అమెరికన్, అదర్. నేను అదర్. పదేళ్ళలో గుండెపోటు లేదా పక్షవాతం వచ్చే అవకాశం రెండు శాతం దగ్గర్లో అని వచ్చింది. "మీకు రిస్క్ చాలా తక్కువ" అని ఆయన నిజంగా సంతోషంగా చెప్పారు. మనవాళ్ళ విషయంలో ఆ లెక్క తక్కువ చూపిస్తుందని నాకు జులై దాకా తెలియదు.

మే నెలలో ఒక ఆదివారం అర్ధరాత్రి దాటాక దవడ నొప్పితో మెలకువ వచ్చింది. నైటీ చెమటతో తడిసిపోయింది, ఊపిరి ఆడటం లేదు. మా ఆయన కారులో ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. ఛాతీ నొప్పి, ఆయాసం అని చెప్పగానే ఈసీజీ పది నిమిషాల్లో తీసేశారు. అది చూసి ఎంత బాగా చూస్తున్నారో అనుకున్నాను. తర్వాత వెయిటింగ్ రూములో నాలుగు గంటలు కూర్చోబెట్టారు. ఈసీజీ త్వరగా తీయడం రూలు. డాక్టరు త్వరగా రావడానికి అలాంటి రూలు ఉన్నట్టు లేదు.

గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అనే పరీక్ష రెండుసార్లు చేశారు. ఆ రిజల్టు డాక్టరు కంటే ముందే నా ఫోన్లోకి, రిపోర్టులు చూపించే మైచార్ట్ యాప్‌లోకి వచ్చేసింది. చదవడం తెలియక గాభరా పడతామని ముందే చెబుతున్నాను. ఒక్క అంకె చూసి ఏమీ తేల్చుకోకండి, రెండోసారికి ఎంత పెరిగిందన్నది కూడా చూస్తారు. ఆడవాళ్ళకు హద్దు మగవాళ్ళ కంటే తక్కువ ఉంటుంది, అది కూడా రిపోర్టులో చూసుకోండి. నాకు రెండూ హద్దు లోపలే ఉన్నాయి, పెరగలేదు. డాక్టరు వచ్చి మంచం మీదున్న నన్ను వదిలేసి మా ఆయన్ని అడిగాడు, "ఈమధ్య ఆమెకు ఆందోళన ఎక్కువగా ఉందా?" అని. మా ఆయన "ఆమెనే అడగండి" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు అంత ప్రేమ పుట్టిన సందర్భాలు తక్కువ.

తెల్లారి ఇంటికి పంపేశారు. గుండెకు సంబంధం లేని నొప్పి, కార్డియాలజిస్టును కలవండి అని కాగితంలో ఉంది. హాస్పిటల్ బిల్లు 11,400 డాలర్లు, ఇన్సూరెన్సు ఒప్పుకున్న రేటు 4,300. మాది హై డిడక్టిబుల్ ప్లాన్ కాబట్టి మొదటి 3,000 పూర్తిగా మాదే, మిగతా దాంట్లో ఇరవై శాతం. ఇవి కాక నెల తర్వాత ఎమర్జెన్సీ డాక్టర్ల గ్రూపు నుంచి విడిగా 860 డాలర్ల బిల్లు వచ్చింది, నెట్‌వర్కులో లేరట. 2022 నుంచి అమల్లో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ప్రకారం ఎమర్జెన్సీలో అలా అదనంగా వసూలు చేయకూడదు. ఆ చట్టం పేరు చెప్పి ఫోన్ చేస్తే, హోల్డులో పెట్టి పెట్టి, చివరికి తీసేశారు. బిల్లు రాగానే కట్టేయడం మనవాళ్ళకు అలవాటు. మన వాటా ఎంతో చెప్పే కాగితం (ఈఓబీ) ఇన్సూరెన్సు నుంచి వచ్చేదాకా ఆగి, రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

కార్డియాలజిస్టు అపాయింట్‌మెంటుకు ఏడు వారాలు ఆగాలి. ఆ ఏడు వారాలూ నాకు అన్నిటికంటే కష్టమయ్యాయి. అందరూ ఏమీ లేదని తేల్చేశారు. నాకు నొప్పి వస్తూనే ఉంది. ఒక దశలో నేనే కల్పించుకుంటున్నానేమో అనిపించింది. మెట్లెక్కే ముందు ఎవరూ చూడటం లేదు కదా అని చూసుకుని మధ్యలో ఆగేదాన్ని. రాత్రి పడుకునే ముందు మా అమ్మాయి లంచ్ డబ్బా సర్ది పెట్టేదాన్ని, పొద్దున నేను లేవకపోతే దానికి ఇబ్బంది కాకూడదని. ఇది మా ఆయనకు ఇప్పటికీ చెప్పలేదు, ఇది చదివే తెలుసుకుంటారు.

జులైలో కలిసిన డాక్టరు ఆడమనిషి. అందుకే విన్నదని నేననను, వినని ఆడ డాక్టర్లనూ చూశాను. కానీ ఆమె మొదటి ప్రశ్నల్లోనే "ప్రెగ్నెన్సీలో బీపీ వచ్చిందా? షుగర్ వచ్చిందా?" అని అడిగింది. 2009లో మా అమ్మాయి పుట్టినప్పుడు నాకు ప్రీఎక్లాంప్సియా, అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు, వచ్చింది. నెల ముందే నొప్పులు తెప్పించారు, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కించారు, రెండు రోజులు కళ్ళు మసకగా కనిపించాయి. ఆరు వారాల చెకప్‌లో బీపీ దిగింది, అంతా బాగుంది అన్నారు. ఆ తర్వాత ఒక్క డాక్టరు కూడా దాని గురించి అడగలేదు. ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్ళకు తర్వాత జీవితంలో గుండెజబ్బు వచ్చే అవకాశం సుమారు రెట్టింపు ఉంటుందని ఆమె చెప్పింది. నాకు ఏడుపు వచ్చింది. భయంతో కాదు. పదిహేనేళ్ళ తర్వాత ఒకరు అడిగారని.

తర్వాత నాన్న సంగతి రాసుకుంది. కాగితం తిప్పి వెనక రాసి చూపించింది: 55 లోపు తండ్రికి గుండెపోటు, దక్షిణాసియా మూలం, ప్రీఎక్లాంప్సియా. ఈ మూడూ 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ గైడ్‌లైన్‌లో రిస్కు పెంచేవాటి జాబితాలో ఉన్నవే. కాలిక్యులేటర్లో ఒక్కదానికీ గడి లేదు. ఇక్కడి లెక్కల్లో చైనా, జపాన్, ఫిలిప్పీన్స్, ఇండియా వాళ్ళందరినీ కలిపి ఆసియన్ అని వేసేసరికి సగటు బాగానే కనిపిస్తుందట. మన సంగతి అందులో మునిగిపోతుంది. దీనికోసమే 2010 నుంచి మసాలా అనే పేరుతో ఇక్కడి దక్షిణాసియా వాళ్ళ మీద ప్రత్యేకంగా ఒక అధ్యయనం నడుస్తోంది. పేరు విని నవ్వాను, డాక్టరు కూడా నవ్వింది.

ఆ రోజు రాసిన రక్తపరీక్షల్లో లైపోప్రోటీన్ ఏ అనేది కొత్త, రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఒక రకం కణం అది. మామూలు కొలెస్ట్రాల్ రిపోర్టులో ఇది ఉండదు, విడిగా అడగాలి. ఎక్కువగా వంశంలో వచ్చేదే కాబట్టి చాలామందికి జీవితంలో ఒక్కసారి చేస్తే సరిపోతుంది. మన దక్షిణాసియా వాళ్ళలో, నల్లజాతి వాళ్ళలో తెల్లవాళ్ళ కంటే ఎక్కువగా కనిపిస్తుంది. లీటరుకు 125 నానోమోల్స్ దాటితే రిస్కు కింద లెక్క. నాది 168. నేను కట్టింది నలభై డాలర్ల లోపే. అంతకుముందు నేను పెట్టిన వేల డాలర్లలో దేనివల్లా ఇంత సంగతి తెలియలేదు.

బీపీ ఇంట్లోనే రెండు వారాలు చూసుకోమంది. ఏ మిషను కొనాలంటే, వాలిడేట్ బీపీ అనే జాబితాలో పరీక్షించి నిలిచిన మోడళ్ళు ఉంటాయి, అందులోంచి 60 డాలర్లది తీసుకున్నాను, వైద్యం ఖర్చులకు పన్ను లేకుండా దాచుకునే హెచ్‌ఎస్‌ఏ ఖాతా కార్డుతో వచ్చింది. పట్టీ చేతి లావుకు సరిపోవాలి, బిగుతుదైతే అంకె లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు చూడాలి. మా ఇంట్లో ఐదు నిమిషాలు ఎవరూ పిలవకుండా కూర్చోవడమే పెద్ద వ్యవహారం. పొద్దున్న సగటు 144/90 వచ్చింది. ఇక్కడ 130/80 నుంచే హై బీపీ కింద లెక్క. హాస్పిటల్ భయం కాదని తేలింది.

బీపీకి లిసినోప్రిల్ ఇచ్చారు. మూడో వారానికి పొడిదగ్గు పట్టుకుంది, రాత్రిళ్ళు ఇల్లంతా లేచేది. ఆ మందుతో దగ్గు రావడం ఆడవాళ్ళలో, ఆసియా వాళ్ళలో ఎక్కువట. లోసార్టాన్‌కు మార్చారు, పది రోజుల్లో తగ్గింది. అలాగే కొలెస్ట్రాల్‌కు ఇచ్చిన రోసువాస్టాటిన్ మనవాళ్ళ రక్తంలో ఎక్కువ మోతాదులో నిలుస్తుంది కాబట్టి ఐదు మిల్లీగ్రాములతో మొదలుపెట్టాలని మందు లేబుల్లోనే ఉంటుంది. ఫార్మసిస్టు స్వయంగా చెప్పాడు. పిల్లలు కనే వయసులో ఉన్నవాళ్ళు ఈ బీపీ మందులూ, స్టాటినూ మొదలుపెట్టే ముందు ఆ సంగతి తప్పకుండా డాక్టరుతో మాట్లాడండి. ముఖ్యంగా లిసినోప్రిల్, లోసార్టాన్ లాంటివి గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి.

గుండె నాళాల సీటీ స్కానుకు ఇన్సూరెన్సు వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. మా డాక్టరు ఇన్సూరెన్సు వాళ్ళ డాక్టరుతో ఫోన్లో మాట్లాడాక ఒప్పుకున్నారు. ఈ గొడవకే మూడు వారాలు. ఆగస్టు చివర స్కాన్. గుండె నెమ్మదిగా కొట్టుకోవాలని ముందే మెటోప్రొలాల్ ఇచ్చారు, నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెట్టారు, దానికి తల పగిలిపోయేంత నొప్పి వచ్చింది. రంగు మందు ఎక్కించగానే ఒళ్ళంతా వేడెక్కి, బట్టల్లో మూత్రం పోసుకున్నామేమో అనిపిస్తుంది. నిజానికి పోదు. అందరికీ అలాగే ఉంటుందని టెక్నీషియన్ ముందే చెప్పింది కాబట్టి బతికిపోయాను. లోపల ఉన్నది పదిహేను నిమిషాలే. నా వాటా 260 డాలర్లు.

రిజల్టు: నాళాల్లో గట్టిపడిన పూత ఎంతుందో చెప్పే కాల్షియం స్కోరు సున్నా. ముఖ్యమైన నాళంలో ఒకచోట మెత్తటి పూత, ముప్పై శాతం ఇరుకు. అడ్డు లేదు, స్టెంట్ అక్కర్లేదు.

చుట్టాలందరికీ పండగ. "ఏమీ లేదటగా!" అని ఫోన్లు. వాళ్ళ సంతోషం నిజమే, కాదనను. కానీ నాకు దవడ లాగుతూనే ఉంది. కాల్షియం సున్నా అయినా మెత్తటి పూత ఉండొచ్చని నా స్కానే చూపించింది. ఆ మాట ఎవరికి చెప్పినా, ఇంకా నీకేదో కావాలన్నట్టు చూశారు. డాక్టరు మాత్రం ఆ ముప్పై శాతం నొప్పికి కారణం కాదు, కాబట్టి కారణం ఇంకా వెతకాలి అంది. నొప్పిని టిపికల్ కాదని పక్కన పెట్టే అలవాటు మానుకోవాలని 2021లో వచ్చిన ఛాతీనొప్పి గైడ్‌లైన్ డాక్టర్లకు చెప్పిందట. నాళాల్లో అడ్డులేని ఆడవాళ్ళలో ఈ నొప్పి ఎందుకు వస్తోందని 1996లో మొదలైన వైజ్ అనే పెద్ద అధ్యయనం చాలా తేల్చింది. అన్నేళ్ళయినా, ఆ సన్నటి నాళాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే పరీక్ష చేసే చోట్లు తక్కువే. నన్ను ఇంకో పెద్ద సెంటరుకు పంపింది.

అక్కడ దొరికిన తేదీ జనవరి 14. ఇక్కడే ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. మా ప్లాన్లో జనవరి 1న డిడక్టిబుల్ మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. జనవరిలో చేయించుకుంటే నా వాటా ఐదు వేలు దాటేది. షెడ్యూలింగ్ అమ్మాయికి సంగతి దాచకుండా చెప్పి, ఎవరైనా మానేస్తే పిలవమన్నాను. ప్రతి సోమవారం పొద్దున్నే ఫోన్ చేశాను, తర్వాత్తర్వాత నా గొంతు విని పేరు పెట్టి పలకరించేది. డిసెంబరు రెండో వారంలో పిలుపు వచ్చింది. 2,800తో అయిపోయింది.

పరీక్ష పేరు కరోనరీ ఫంక్షన్ టెస్ట్. ఒకరోజు ముందు నుంచీ కాఫీ, టీ, చాక్లెట్ ఏవీ వద్దన్నారు, కొన్ని గుండె మందులు కూడా ఆపించారు. టీ లేకుండా గడిచిన ఆ రోజు గురించి విడిగా రాయొచ్చు. మణికట్టు నుంచి సన్నటి వైరు గుండె దాకా పంపుతారు. మత్తు కొంచెమే, మెలకువగానే ఉంటాం, ఎందుకంటే మనం చెప్పాలి. మొదట అసిటైల్‌కోలిన్ అనే మందు నాళంలోకి వదిలారు. కాసేపటికి దవడ లాగింది. వీపులో అదే నొక్కుడు. "ఇదే, ఇదే నొప్పి" అని గట్టిగా అరిచాను. బాధగానే ఉంది, కానీ తొమ్మిది నెలల్లో అంత సంతోషం కలగలేదు. గదిలో అందరి కళ్ళూ తెర మీదే ఉన్నాయి. నా నొప్పి వాళ్ళకు కూడా కనిపిస్తోంది. పెద్ద నాళం ముడుచుకోలేదు, లోపలి సన్నవే మొరాయిస్తున్నాయి అన్నారు. తర్వాత నాళాలు విప్పుకునేలా చేసే అడినోసిన్ ఎక్కించారు. ఆ రెండు మూడు నిమిషాలు ఛాతీ మీద బరువు పెట్టినట్టు, ఊపిరి అందనట్టు ఉంటుంది, ఆపగానే పోతుంది. దాంతో రక్తప్రవాహం ఎన్ని రెట్లు పెరుగుతుందో చూసే కొలత 1.8 వచ్చింది. రెండు, రెండున్నర పైన ఉండాలి.

సాయంత్రం ఇంటికి పంపారు. మణికట్టు వారం పాటు నల్లగా కమిలి ఉంది, బియ్యం గిన్నె కూడా ఎత్తనివ్వలేదు మా అమ్మాయి. మందులు మార్చారు: గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ చేర్చారు, రోసువాస్టాటిన్ పది చేశారు, లోసార్టాన్ అలాగే ఉంచారు. అన్నీ జెనరిక్‌లే, మూడు నెలలకు అన్నీ కలిపి 40 డాలర్ల లోపు.

ఫిబ్రవరిలో కార్డియాక్ రిహాబ్‌లో, అంటే గుండెజబ్బు ఉన్నవాళ్ళ చేత దగ్గరుండి వ్యాయామం చేయించే చోట, చేరాను. ఇది అడిగితేనే రాశారు. ఆడవాళ్ళకు దీన్ని తక్కువగా రాస్తారు, రాసినా ఇంటిపనుల వల్ల మధ్యలో మానేసేది కూడా ఆడవాళ్ళే ఎక్కువ. వారానికి మూడు రోజులు, మొత్తం 36 సెషన్లు. నేను కట్టింది సెషనుకు 40 డాలర్లు, ఖరీదే. నాకు మాత్రం ఇందులో పెట్టిన డబ్బే అన్నిటికంటే సార్థకం అనిపించింది. ఛాతీ మీద వైర్లు పెట్టి, పక్కన నర్సు చూస్తుండగా ట్రెడ్‌మిల్ మీద నడవడం వల్ల, నొప్పి వస్తే ఏమవుతుందోనన్న భయం పోయింది. గదిలో ఎక్కువమంది డెబ్బై దాటిన తెల్ల మగవాళ్ళు. ఆడవాళ్ళం ఇద్దరమే.

రెండో ఆవిడ నల్లజాతి మనిషి, స్కూల్లో కౌన్సెలర్. ముప్పై దాటగానే బీపీ మొదలైందట, ఆమెకూ కాన్పులో ప్రీఎక్లాంప్సియానే. ఇక్కడ నల్లజాతి ఆడవాళ్ళలో సగం మందికి పైనే బీపీ ఉంది. కాన్పుకు సంబంధించిన మరణాలు తెల్లవాళ్ళతో పోలిస్తే సుమారు మూడింతలు ఉన్నాయి. ఈ అంకెలు నేను ముందే చదివినవే. ఆమె చెప్పినది వేరు. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మంచి బట్టలు వేసుకుని, ఉద్యోగం బ్యాడ్జి మెడలోంచి తీయకుండా వెళ్తుందట, అప్పుడే తన మాట వింటారని. నాకు ఆమెలా లేదు. నన్ను మర్యాదగా పట్టించుకోలేదు, ఆమెను మర్యాద కూడా లేకుండా పట్టించుకోలేదు. రెండూ ఒకటే అని నేను అనను.

ఇప్పుడు బీపీ 122/76 దగ్గర ఉంటోంది. చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) 128 నుంచి 64కు దిగింది. నొప్పి పూర్తిగా పోలేదు. చలిలో, గొడవల్లో, నిద్రలేని వారాల్లో వస్తుంది, కానీ మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. బీటా బ్లాకర్‌తో చేతులు చల్లబడతాయి, కలలు ఎక్కువ. స్టాటిన్‌తో పిక్కలు పట్టేశాయి మొదటి నెల, తర్వాత సర్దుకుంది.

మొదటిసారి కార్డియాలజిస్టు దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్ళండి: కాన్పుల్లో బీపీ, షుగర్, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు, నెలసరి ఏ వయసులో ఆగింది, ఇంట్లో ఎవరికి ఏ వయసులో గుండెపోటు. ఇంగ్లిషు రాని అమ్మానాన్నలతో వెళ్తే, ఫోన్లోనైనా తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడగండి. హాస్పిటల్ ఉచితంగా ఇవ్వాలి, పిల్లల చేత అనువాదం చేయించక్కర్లేదు.

లైపోప్రోటీన్ ఏ వంశంలో వచ్చేదే కదా, మా తోబుట్టువులకు కూడా చెప్పాను. హైదరాబాదులో చెల్లి వారంలో చేయించుకుంది, దానిది మామూలుగానే ఉంది. న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య "వచ్చే నెల తప్పకుండా చేయించుకుంటానే" అంటున్నాడు. జనవరి నుంచీ అదే మాట.